నెలలు నిండని బిడ్డను ఐసీయూలో పెట్టినప్పుడు ఇంటివాళ్లు ఏం చేయాలి

"బిడ్డను పెట్టెలో పెట్టాలంట" అన్న మాట చెవిన పడగానే మన ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇది: బాలింతను కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే అత్తగారికి అప్పగించి, తండ్రీ అమ్మమ్మా బిడ్డను తువ్వాలులో చుట్టుకుని నెల్లూరుకో ఒంగోలుకో పరుగెత్తుతారు. తల్లి నాలుగో రోజుకో, కుట్లు విప్పాక ఎనిమిదో రోజుకో బిడ్డ దగ్గరికి చేరుతుంది, అప్పటికి ఆమెకు పాలు ఇంకిపోయి ఉంటాయి. నవజాత శిశువుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసిన ఏళ్లలో నేను ఎన్నోసార్లు చూసిన సంగతి ఇది కాబట్టి, కింద చెప్పే పనులన్నింటిలోనూ ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: బిడ్డ ఎక్కడుంటే తల్లి అక్కడే ఉండాలి.

నొప్పులు ముందే మొదలైతే

గర్భం 37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 34 వారాల లోపు పుట్టినా, 1,800 గ్రాముల కంటే తక్కువ తూగినా ఆ బిడ్డను నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో చేర్చుకోవడం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాటించే పద్ధతి. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అన్న మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకూ మెదడుకూ బలమే కాబట్టి, ఎనిమిదో నెల వచ్చిందన్న భయంతో కాన్పు తొందర చేయమని ఎవరూ డాక్టరును అడగకూడదు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, పొత్తికడుపు బిగుసుకుంటూ నడుము నొప్పి విడిచి విడిచి వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు రిపోర్టును తల్లీబిడ్డ కార్డుతో కలిపి సంచిలో పెట్టుకోండి, ఎందుకంటే బిడ్డకు నిజంగా ఎన్ని వారాలో తేల్చడానికి తర్వాత తీసిన స్కానింగుల కంటే అదే నమ్మదగినది. ఆసుపత్రికి చేరగానే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారా?" 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటిగా నాలుగు మోతాదులు ఇస్తారు. కాన్పుకు ఒక రోజు ముందుగా మొదలైతే దాని ఫలితం బాగా కనిపిస్తుంది, కానీ ఒక్క మోతాదు పడినా మేలే. తర్వాత వాడే ఖరీదైన మందులు చాలావరకు చేయలేని పనిని ఈ చవకైన ఇంజెక్షన్ చేస్తుంది.

రెండో ప్రశ్న, ఇక్కడే కాన్పు చేయించుకోవచ్చా, ఇంకో చోటికి వెళ్లాలా అన్నది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి రెండు గంటలు ప్రయాణం చేయవలసి వచ్చినా, తల్లి పరిస్థితి ఒప్పుకుని డాక్టరు సరేనంటే బిడ్డ కడుపులో ఉండగానే ఆ ప్రయాణం చేయడం మంచిది. తల్లి గర్భానికి మించిన ఇంక్యుబేటర్, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె, ఏ అంబులెన్సులోనూ లేదు. గిద్దలూరు ప్రాంతం వాళ్లకు ఒంగోలు కంటే నల్లమల దాటితే నంద్యాలే దగ్గర. జిల్లా సరిహద్దును కాకుండా రోడ్డును చూసి నిర్ణయించుకోండి.

బిడ్డ పుట్టాక తరలించవలసి వస్తే

నెలలు నిండని బిడ్డ ఒంటిమీద కొవ్వు ఉండదు, చర్మం పలచగా ఉంటుంది, అందువల్ల చల్లబడడానికి పట్టే సమయం మీరు ఊహించిన దానికంటే చాలా తక్కువ. రోహిణి కార్తెలో, బయట రోడ్లు కాలిపోతున్న మధ్యాహ్నం పూట కూడా, తడి గుడ్డలో చుట్టిన బిడ్డ ఫ్యాను గాలికి చల్లబడి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చంక కింద ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది, అప్పటిదాకా బాగున్న బిడ్డ కూడా దారిలోనే నీరసించిపోతుంది.

కాబట్టి బయలుదేరే ముందు బిడ్డ ఒళ్లు పూర్తిగా తుడిచి, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తొడిగి, తల్లి గానీ తండ్రి గానీ అమ్మమ్మ గానీ తమ ఒంటికి బిడ్డ ఒళ్లు నేరుగా తగిలేలా ఎదపై పెట్టుకుని, పైన పొడి గుడ్డ కప్పుకోవాలి. వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టకండి, కాలిన మచ్చలతో వచ్చిన పిల్లలను చూశాను. 108 సేవలో నవజాత శిశువుల కోసం అమర్చిన వాహనాలు 2020 నుంచి ఉన్నాయి, ఫోన్ చేసినప్పుడే బిడ్డ బరువు, వారాలు చెప్పి అటువంటి వాహనం అందుబాటులో ఉందేమో అడగండి. పంపించే ఆసుపత్రి నుంచి కాగితం తప్పకుండా తీసుకోండి. పుట్టిన సమయం, బరువు, పుట్టగానే ఏడ్చిందా లేదా, విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా, ఏ మందు ఎప్పుడు వేశారు అన్న వివరాలు అందులో రాసి ఉండాలి. వెళ్లే చోట మంచం ఖాళీ ఉందో లేదో పంపే డాక్టరు చేతనే ఫోన్ చేయించండి. నెల్లూరు వైపు వాళ్లకు ఏ చిన్న కష్టం వచ్చినా మద్రాసు గుర్తొస్తుంది గానీ, మూడు గంటల ప్రయాణాన్ని తట్టుకునే స్థితిలో బిడ్డ ఉందా అని అడగకుండా బండి ఎక్కించడం ప్రమాదం.

తల్లి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మామూలు కాన్పు అయితే చాలాసార్లు అదే వాహనంలో ఆమె కూడా వెళ్లవచ్చు. సిజేరియన్ అయితే, తల్లిని కూడా బిడ్డ ఉన్న ఆసుపత్రికే బదిలీ చేయమని అడగండి. అడిగితే తప్ప ఆ ఆలోచన ఎవరికీ రాదు. "బాలింత, గాలి తగలకూడదు" అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. గౌరవంగా విని, తల్లిని తీసుకెళ్లండి.

లోపల ఏమి జరుగుతోందో తెలుసుకోవడం

మొదటిసారి లోపలికి వెళ్లిన తండ్రులు తీగలు చూసి వెనక్కి వచ్చేస్తారు. ఆ తీగల్లో ఎక్కువ భాగం బిడ్డను కనిపెట్టి ఉండడానికే. పాదానికో చేతికో చుట్టిన ఎర్ర వెలుగు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపుతుంది. పైన వేడి ఇచ్చేది వార్మర్. ముక్కుకు పెట్టిన చిన్న గొట్టాలు సిపాప్‌వి. బిడ్డ తనంతట తానే ఊపిరి తీసుకుంటుండగా ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా గాలి ఒత్తిడితో అది తెరిచి ఉంచుతుంది. వెంటిలేటర్ పూర్తిగా వేరు, అది గొంతులోకి వేసిన గొట్టం ద్వారా బిడ్డ బదులు ఊపిరి తీస్తుంది. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి కావలసిన సర్ఫాక్టెంట్ అనే పదార్థం నెల తక్కువ పిల్లల్లో సరిపడా తయారై ఉండదు కాబట్టి, కొందరికి దాన్ని మందు రూపంలో ఊపిరితిత్తుల్లోకి పోస్తారు. నీలం లైటు పచ్చకామెర్లకు. పొద్దుటి ఎండ చూపిస్తే పోతుందిలే అని ఆ లైటు వద్దనకండి, ఎక్కువైన కామెర్లు మెదడుకు పాకుతాయి, వాటికి ఎండ చాలదు.

అలారం మోగిన ప్రతిసారీ గుండె ఆగినంత పని అవుతుంది. చాలాసార్లు కారణం బిడ్డ కాలు కదిపితే తీగ జారడమే. నిజంగా ఊపిరి 20 సెకన్లు ఆగడం కూడా ఈ పిల్లల్లో మామూలే, మెదడు ఇంకా ఆ పని నేర్చుకుంటోంది. పాదం మీద మెల్లగా రుద్దితే చాలామంది మళ్లీ ఊపిరి అందుకుంటారు, దానికి కెఫీన్ మందు కూడా ఇస్తారు. తెర మీద ఆక్సిజన్ అంకె 93 చూసి "నూటికి నూరు పెట్టండమ్మా" అని బతిమాలే తాతయ్యలు ఉంటారు. ఆక్సిజన్ మీద ఉన్న నెల తక్కువ బిడ్డకు 90 నుంచి 95 మధ్య ఉంచడమే సరి, అంతకు మించితే కంటిలోని రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

రోజుకు ఒకసారి, రౌండ్స్ అయిపోయాక, ఇంటి తరఫున ఒక్కరే డాక్టరుతో మాట్లాడండి. నలుగురు నాలుగు సార్లు అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకుని సాయంత్రానికి ఇంట్లో తగువులాడుకుంటారు. ఒక నోటుపుస్తకంలో రోజూ ఇవి రాసుకోండి: ఊపిరికి ఏ సాయం ఇస్తున్నారు, నిన్నటి కంటే తగ్గిందా పెరిగిందా, ఎన్ని మిల్లీలీటర్ల పాలు ఎన్ని గంటలకు ఇస్తున్నారు, అవి ఎవరి పాలు, ఈ రోజు బరువు, ఇన్ఫెక్షన్ అనుమానం ఉందా, యాంటీబయాటిక్ ఎన్నో రోజు. మొదటి వారంలో బరువు తగ్గితే కంగారు పడకండి. ఈ పిల్లలు పుట్టిన బరువులో నూటికి పది పదిహేను వంతులు తగ్గి, రెండో వారం చివరికి మళ్లీ ఆ బరువుకు చేరుకోవడం సహజం.

పాలు: తల్లి చేయవలసిన చికిత్స

చీకి మింగుతూ మధ్యలో ఊపిరి తీసుకోవడం 34 వారాల దరిదాపుల్లో గానీ బిడ్డకు పట్టుబడదు. అప్పటిదాకా సన్నని గొట్టం ద్వారా, తర్వాత ఉగ్గుగిన్నెతో పాలు పట్టాలి. కాబట్టి తల్లి చేతితో పాలు పిండి ఇవ్వాలి. కాన్పు అయిన గంటలోపే మొదలుపెట్టడం మేలు, ఆరు గంటలు దాటనివ్వకూడదు.

చేతులు సబ్బుతో కడుక్కుని, రొమ్మును నెమ్మదిగా మర్దన చేసి, నల్లని వలయం అంచుకు కాస్త అవతల పైన బొటనవేలు, కింద మిగతా వేళ్లు పెట్టి, మొదట వెనక్కి, అంటే ఎద వైపుకు నొక్కి, ఆ తర్వాత వేళ్లను ఒకదానికొకటి దగ్గరగా నొక్కి వదలాలి. చనుమొనను పట్టుకుని లాగకూడదు, లాగితే నొప్పి తప్ప పాలు రావు. వేళ్లు వలయం చుట్టూ తిప్పుకుంటూ, రెండు వైపులా కలిపి 20 నుంచి 30 నిమిషాలు చేయండి. రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, రాత్రి కనీసం ఒక్కసారైనా లేచి పిండాలి. మొదటి రోజు వచ్చేది చెంచా అడుగు తడిసేంతే. "పాలు పడలేదు" అని దాన్ని పారబోస్తారు. అదే ముర్రుపాలు, అదే బిడ్డకు మొదటి టీకా అనదగినది, కిలో బరువున్న బిడ్డ కడుపుకు తొలిరోజు కావలసినదీ ఆ కొంచెమే. గొట్టంలో పోయలేనంత తక్కువైతే ఆ చుక్కలనే బిడ్డ బుగ్గల లోపల రాయమని నర్సును అడగండి.

మూత ఉన్న స్టీలు గిన్నెను ఉడికించి అందులోకి పిండి, తల్లి పేరు, తేదీ, సమయం రాసి అతికించండి. బయట ఉంచితే నాలుగు గంటల్లో వాడేయాలి, మన ఎండాకాలంలో అంతకంటే ముందే. ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు ఉంటాయి. చల్లని పాలను పొయ్యి మీద పెట్టకుండా గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచి చలి విరగనివ్వాలి. తల్లి ఊళ్లోనే ఉండిపోవలసి వస్తే ఐసు పెట్టిన పెట్టెలో పాలు తెప్పించుకోవడం సాధ్యమే గానీ, రోజుకు రెండుసార్లు కావలి నుంచి నెల్లూరుకు బస్సులో పాలు మోసే తండ్రి వారం తిరిగేసరికి అలసిపోతాడు. ఆసుపత్రి దగ్గర చిన్న గది అద్దెకు తీసుకోవడం నా దృష్టిలో ఆ వారానికి చేసే అన్ని ఖర్చుల్లోనూ సార్థకమైనది. ముందు ఆసుపత్రిలోనే తల్లులు ఉండే గది ఉందేమో కనుక్కోండి.

డబ్బా పాలు వాడితే నెల తక్కువ పిల్లల్లో పేగు కుళ్లిపోయే జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, తల్లిపాలు దాన్నుంచి కాపాడతాయి. ఆవు పాలు, మేక పాలు, తేనె, చక్కెర నీళ్లు, వస, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. ఇక బాలింత పథ్యం పేరుతో నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లున్నాయి. ఆమెకు దాహం వేసినన్ని నీళ్లు, మూడు పూటలా పప్పు, ఆకుకూర, గుడ్డుతో అన్నం పెట్టండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో పాలు పడాలని పాలసొర వండి పెట్టే ఆచారం ఉంది, అయితే పాలు పెంచడంలో ఏ చేప కంటే కూడా రొమ్ము తరచుగా ఖాళీ కావడమే ముఖ్యం.

ఎదపై పెట్టుకోవడం

1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక తల్లుల ఎదపై బిడ్డలను కట్టి పెట్టడంతో మొదలైన ఈ పద్ధతిని కంగారూ పద్ధతి అంటున్నారు. బిడ్డ పూర్తిగా కుదుటపడ్డాకే చేయాలని చాలాకాలం అనుకున్నారు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో 1,000 నుంచి 1,799 గ్రాముల బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఎదపై పెట్టి చూస్తే, తొలి 28 రోజుల్లో చనిపోయిన వాళ్లు నూటికి 15.7 నుంచి 12కు తగ్గారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువ సేపు ఇలా ఉంచమని సిఫారసు చేసింది. ఈ ఫలితం వచ్చింది తల్లి అక్కడ ఉండడం వల్లనే అని మరచిపోకండి.

తల్లి స్నానం చేసి, ముందు తెరుచుకునే వదులైన జాకెట్టు వేసుకుని, నల్లపూసలు, గొలుసులు తీసి పక్కన పెట్టాలి. తాళి తీయడం ఇష్టం లేకపోతే వీపు వైపుకు వేసుకోవచ్చు. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ తప్ప ఏమీ ఉండకూడదు. రెండు రొమ్ముల నడుమ నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఎదకు అణగకుండా కొద్దిగా పైకెత్తి ఉంచాలి. ముక్కు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. మెత్తని నూలు చీర ముక్కతో బిడ్డను చెవి కింద వరకు బిగించి కట్టుకుని, వెనక్కి వాలి కూర్చోవాలి. ఒక్కసారి పెట్టుకుంటే గంటకు తగ్గకుండా ఉంచండి, తీయడం పెట్టడం బిడ్డకు అలసట. సిపాప్ గానీ సెలైన్ గానీ ఉన్నా నర్సు సాయంతో చేయవచ్చు, కాబట్టి "తీగలు తీశాక చూద్దాం" అని మీ అంతట మీరు వాయిదా వేయకండి.

తల్లి నిద్రపోయే వేళ, స్నానం వేళ తండ్రి పెట్టుకోవచ్చు. పురిటి మైల అని తండ్రి దూరంగా నిలబడడం, మగవాడు చొక్కా విప్పి బిడ్డను హత్తుకోవడం ఏమిటని పెద్దవాళ్లు నొచ్చుకోవడం ఇంకా ఉన్నాయి. ఒక్కసారి కూర్చోబెడితే ఆ తండ్రి మర్నాడు పిలవకుండానే వస్తాడు, నేను చూసినంతలో ఇందుకు మినహాయింపులు తక్కువ. జ్వరం, జలుబు, చర్మవ్యాధి ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. ఉంగరాలు, గాజులు, గడియారం తీసి, మోచేతి వరకు సబ్బుతో కడుక్కోకుండా ఎవరూ బిడ్డను తాకకూడదు. విభూతి, దారాలు, తాయెత్తులు లోపలికి తేవద్దు, తల్లి కొంగుకు కట్టుకోండి.

ఖర్చు

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బు చేసిన బిడ్డకు మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను వాహనం ఉచితం. మొదట 30 రోజుల వరకు ఉన్న ఈ వెసులుబాటును తర్వాత ఏడాది వరకు పొడిగించారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ చికిత్స వస్తుందా అని చేరిన మొదటి రోజే అక్కడి వైద్యమిత్రను అడగండి, సందేహముంటే 104కి ఫోన్ చేయండి. తల్లి ఆధార్, రేషను కార్డు దగ్గర ఉంచుకోండి. పుట్టుక నమోదు 21 రోజుల్లోపు చేయించాలి.

ఇంటికి తెచ్చుకునే ముందూ తర్వాతా

బిడ్డ వార్మర్ లేకుండా వెచ్చగా ఉండి, అన్ని పాలూ నోటితో తాగుతూ, వరసగా మూడు రోజులు బరువు పెరిగి, కొన్ని రోజులుగా ఊపిరి ఆగకుండా ఉంటే ఇంటికి పంపుతారు. ముహూర్తం కోసం రెండు రోజులు ముందుగా పంపమని అడగకండి. 102 వాహనం తల్లినీ బిడ్డనూ ఇంటి దగ్గర దించుతుంది.

డిశ్చార్జి కాగితంలో కంటి పరీక్ష తేదీ ఉందో లేదో అన్నిటికంటే ముందు చూడండి. 34 వారాల లోపు పుట్టిన, లేదా 2,000 గ్రాముల కంటే తక్కువ బరువున్న ప్రతి బిడ్డకూ పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) పరీక్ష జరగాలి. 28 వారాల లోపు వాళ్లకూ 1,200 గ్రాముల లోపు వాళ్లకూ రెండు మూడు వారాలకే చేయాలి. నెల తక్కువ పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు బయటికి కనిపించదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. సమయానికి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలుస్తుంది, కొన్ని వారాలు ఆలస్యమైతే గుడ్డితనం శాశ్వతం. పురుడూ, 21వ రోజు బారసాలా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి, పరీక్ష ముందు, వేడుక తర్వాత. వినికిడి పరీక్ష, తర్వాత ఎదుగుదల పరీక్షలు ఎక్కడ, ఎప్పుడో కూడా రాయించుకోండి. టీకాలు పుట్టిన తేదీ లెక్కన వేయించాలి. నడక, మాట వంటివి మాత్రం పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఆరో నెలలో నాలుగు నెలల పనులే వస్తాయి, పక్కింటి బిడ్డతో పోల్చవద్దు.

ఇంట్లో కంగారూ పద్ధతి కొనసాగించండి. రోజూ నలుగూ తలంటీ వద్దు, రెండున్నర కిలోలు వచ్చేదాకా గోరువెచ్చని గుడ్డతో తుడవడం చాలు. సాంబ్రాణి పొగ, దోమల బత్తి పొగ, చుట్ట పొగ ఆ ఊపిరితిత్తులకు పడవు. కంటికి కాటుక, ముక్కులో చెవిలో నూనె వద్దు. ఆశా కార్యకర్త ఆరు వారాల పాటు ఇంటికి వచ్చి తూకం వేస్తుంది, ఆమె వచ్చే రోజు తెలుసుకుని ఉండండి.

బిడ్డ పాలు తాగడం మానినా, లేపినా లేవకపోయినా, నిమిషానికి 60 సార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాదాలు చల్లబడినా, జ్వరం వచ్చినా, ఆకుపచ్చ వాంతి అయినా, పొట్ట ఉబ్బినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితం చేతిలో పట్టుకుని, బిడ్డను తల్లి ఎదకు కట్టి, ఇద్దరినీ ఒకే వాహనం ఎక్కించండి.